నగరంలో ఎల్‌జీబీటీక్యూ వ్యక్తులకు కమ్యూనిటీ ఆరోగ్య సేవలు, హక్కుల రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక కమ్యూనిటీ క్లినిక్ ముందు గదిలో, వచ్చినవారి పేర్లు రాసుకునే బల్ల దగ్గర నేను ఏళ్ల తరబడి కూర్చున్నాను. కింది ప్రశ్నల్లో చాలావాటిని జనం ఆ బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగారు. కొన్నింటిని తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి అడిగారు. అందుకే జవాబులను దాపరికం లేకుండా రాస్తున్నాను. మందుల విషయంలో తుది మాట మిమ్మల్ని పరీక్షించిన వైద్యులదే. వారిని ఏం అడగాలో ముందుగా తెలుసుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి.

ఇన్ని ఆసుపత్రులుండగా విడిగా ఇలాంటి క్లినిక్ ఎందుకు?

రోగాలు అందరికీ ఒకటే, కానీ రోగం ఎలా వచ్చిందో వైద్యుడికి చెప్పుకునే వీలు అందరికీ ఒకేలా లేదు. మలద్వారం దగ్గర నొప్పితో వెళ్లిన యువకుడు తనకు పురుషులతో సంబంధం ఉందని చెప్పలేకపోతే, మొలలకు మందు రాయించుకుని ఇంటికి వస్తాడు. లోపల ఉన్న గనేరియా అనే సుఖవ్యాధి అలాగే ఉండిపోయి మరొకరికి సోకుతుంది. అక్కడ వైద్యుడు విన్నంతలో సరిగానే మందు రాశాడు, యువకుడు తనకున్న ధైర్యం మేరకే మాట్లాడాడు.

ఈ లోటును ముందుగా పూడ్చింది ప్రభుత్వాలు కావు. బోస్టన్‌లో 1971లో వాలంటీర్లతో మొదలైన ఫెన్‌వే ఆరోగ్య కేంద్రం, షికాగోలో 1974లో గే వైద్య విద్యార్థుల చొరవతో మొదలైన హోవర్డ్ బ్రౌన్ కేంద్రం చిన్న గదుల్లోంచి పెద్ద ఆరోగ్య సంస్థలుగా ఎదిగాయి. 1981 జూన్‌లో ఎయిడ్స్ తొలి కేసుల వార్త వెలువడ్డాక, ఆసుపత్రుల్లో సిబ్బంది రోగిని ముట్టుకోవడానికే జంకిన రోజుల్లో, పక్కన కూర్చుని సేవ చేసినవారిలో ఎక్కువ మంది ఈ సముదాయంవారే. న్యూయార్క్‌లో గే మెన్స్ హెల్త్ క్రైసిస్, లండన్‌లో టెరెన్స్ హిగిన్స్ ట్రస్ట్ రెండూ 1982లో అలా పుట్టినవే.

నా గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను గే అనో, ట్రాన్స్ అనో నాకే తేల్చుకోవడం కాలేదు. రావచ్చా?

తప్పకుండా రావచ్చు. ఇక్కడ ఎవరూ మీకు ఒక పేరు తగిలించరు, పేరు చెప్పమని పట్టుబట్టరు. పరీక్షలు నిర్ణయించడానికి వైద్యులకు కావలసింది మీ శరీరంలో ఏ అవయవాలున్నాయి, ఎలాంటి లైంగిక సంబంధం జరిగింది, ఎప్పుడు జరిగింది అన్నంత వరకే. పెళ్లయి పిల్లలున్నవారూ వస్తారు, జీవితంలో ఇంకా ఎవరినీ తాకనివారూ వస్తారు.

నా వివరాలు బయటికి పొక్కవని నమ్మకమేమిటి?

ఈ విషయంలో వట్టి భరోసాతో సరిపెట్టుకోకుండా వివరంగా అడగండి. రహస్యం సాధారణంగా వైద్యుల నోటి నుంచి బయటపడదు; ఇంటి చిరునామాకు వచ్చిన కవరు వల్లనో, అమ్మ చేతిలో ఉన్నప్పుడు ఫోనులో మెరిసిన మెసేజి వల్లనో, కుటుంబ యజమాని పేరు మీద వచ్చిన బీమా పత్రం వల్లనో బయటపడుతుంది. అందువల్ల నమోదు సమయంలోనే మూడు సంగతులు తేల్చుకోండి: ఫలితం ఏ నంబరుకు చెబుతారు, ఫోను వేరేవాళ్లు ఎత్తితే ఏమంటారు, బిల్లు ఎవరికి వెళ్తుంది. మేము ఫోను చేసినప్పుడు క్లినిక్ పేరు చెప్పము. ముందుగా అనుకున్న ఒక మాట చెప్పి, అవతల ఉన్నది మీరేనని తేలాకే విషయంలోకి వెళ్తాము.

గోప్యతకు హద్దులు కూడా ఉన్నాయి, వాటిని దాచడం తప్పు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ లాంటి కొన్ని వ్యాధులను ప్రజారోగ్య శాఖకు నివేదించాలని చాలా దేశాల్లో చట్టం ఉంది. ప్రాణాపాయం కళ్లెదుట ఉన్నప్పుడు, పసిపిల్లలపై హింస జరుగుతున్నట్టు తెలిసినప్పుడు కూడా క్లినిక్ మౌనంగా ఉండలేదు. మీ భాగస్వాములకు పరీక్ష చేయించుకోమని చెప్పాల్సి వచ్చినప్పుడు, మీ పేరు రానీయకుండా ఆ కబురు అందించే పద్ధతి చాలా చోట్ల ఉంది.

గుర్తింపు పత్రంలో ఒక పేరు, నన్ను నేను పిలుచుకునే పేరు మరొకటి. ఏ పేరుతో పిలుస్తారు?

మీరు పిలవమన్న పేరుతోనే పిలుస్తాము. ఇది చిన్న విషయమని అనుకునేవారికి నేను ఒక సంగతి చెబుతుంటాను. వేరే ఆసుపత్రి నుంచి మా దగ్గరికి మారిన ఒక ట్రాన్స్ మహిళ (పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, మహిళగా జీవించే వ్యక్తి), అక్కడ కిక్కిరిసిన గదిలో తన పాత పేరును మైకులో పిలిచినప్పుడు లేవలేకపోయానని చెప్పింది. రెండోసారి పిలిచారు, మూడోసారి పిలిచారు. ఆమె చేతిలోని చీటీని నలిపి సంచిలో పెట్టుకుని, చీర కొంగు సర్దుకుని, రోగితో వచ్చిన బంధువులాగా బయటికి నడిచింది. ఆ చీటీ మధుమేహం పరీక్షకు సంబంధించినది. ఆ తర్వాత రెండేళ్ల పాటు ఆమె ఏ వైద్యుణ్నీ చూడలేదు.

మా ఫారంలో పిలిచే పేరుకు ఒక గడి, గుర్తింపు పత్రంలోని పేరుకు వేరే గడి ఉంటాయి. రెండోది బిల్లుకూ ల్యాబుకూ మాత్రమే వాడతాము, పైకి చదవము. గదిలోకి పిలిచేటప్పుడు నంబరుతో పిలవమని కోరవచ్చు.

ఏయే పరీక్షలు, ఎంత తరచుగా చేయించుకోవాలి?

అది మీ జీవన విధానాన్ని బట్టి ఉంటుంది. ఒకరి కంటే ఎక్కువ మంది భాగస్వాములున్న పురుషులకు, ట్రాన్స్ మహిళలకు 3 నుంచి 6 నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్, గనేరియా, క్లమీడియా పరీక్షలు చేయడం మంచిదని మేము చెబుతాము. హెపటైటిస్ ఎ, బి టీకాలు వేసుకోనివారు వేసుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లాంటివి తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కు టీకా గురించి కూడా అడగాలి.

ఎక్కువ మందికి తెలియని సంగతి ఒకటుంది. గనేరియా, క్లమీడియా గొంతులోనూ మలద్వారంలోనూ ఏ లక్షణమూ చూపకుండా ఉండగలవు. మూత్రం మాత్రమే పరీక్షిస్తే అవి దొరకవు, చేతికి మాత్రం అంతా బాగుందన్న కాగితం వస్తుంది. సంబంధం జరిగిన ప్రతిచోటి నుంచీ నమూనా తీసుకోవాలి. గొంతులోంచి, మలద్వారంలోంచి దూదిపుల్లతో నమూనాను మీరే తీసి ఇవ్వవచ్చు. సిగ్గుపడేవారికి ఇది పెద్ద ఊరట.

హెచ్‌ఐవీ పరీక్షకు కొంత వ్యవధి కావాలి. నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష, వైరస్ సోకిన 18 నుంచి 45 రోజుల మధ్య దాన్ని పట్టుకోగలదు. వేలి చివర గుచ్చి చేసే త్వరిత పరీక్షకు 90 రోజుల దాకా పట్టవచ్చు. కాబట్టి మొన్నటి సంఘటన గురించి ఈ రోజు నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు.

నిన్న రాత్రి కండోమ్ చినిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ఇది చదవడం ఆపి ముందు బయలుదేరండి. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ అనే మందులను 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. 28 రోజులు మానకుండా వేసుకోవాలి. క్లినిక్ మూసి ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లి పెప్ కావాలని ఆ పేరుతోనే అడగండి. బలవంతం జరిగి ఉంటే పెప్‌తో పాటు హెపటైటిస్ బి టీకా, గర్భం వచ్చే అవకాశం ఉన్నవారికి అత్యవసర గర్భనిరోధక మాత్ర కూడా ఇస్తారు. పోలీసులకు ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం మందు మొదలుపెట్టడానికి అడ్డు రాకూడదు.

ప్రెప్ అంటే ఏమిటి? అందరూ వేసుకోవచ్చా?

హెచ్‌ఐవీ లేనివారు అది సోకకుండా ముందుగానే వేసుకునే మందు ప్రెప్. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిసిన మాత్రకు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని విస్తృతంగా సిఫారసు చేసింది. రోజూ తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు 99 శాతం తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ లేదని నిర్ధారించుకోవాలి, మూత్రపిండాల పనితీరు, హెపటైటిస్ బి చూడాలి, ఆపై మూడు నెలలకోసారి పరీక్షకు రావాలి. రెండు నెలలకోసారి వేసే కాబొటెగ్రావిర్ ఇంజెక్షన్, ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ కూడా వచ్చాయి. మాత్రల డబ్బా ఇంట్లో దాచుకోలేనివారికి వీటి విలువ చెప్పలేనంత.

ట్రాన్స్ మహిళలు ప్రెప్ వల్ల హార్మోన్లు పనిచేయవేమోనని భయపడి మానేస్తుంటారు. ప్రెప్ హార్మోన్ల స్థాయిని తగ్గించదు. ప్రెప్ సిఫిలిస్‌ను గానీ గనేరియాను గానీ ఆపదు, కాబట్టి కండోమ్ అవసరం పోదు.

హెచ్‌ఐవీ ఉందని తేలితే నా జీవితం ముగిసినట్టేనా?

ముగియదు. సమయానికి మందులు మొదలుపెట్టి క్రమం తప్పకుండా వేసుకునేవారు ఇతరులతో దాదాపు సమానమైన ఆయుష్షుతో బతుకుతున్నారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది మరొకరికి సోకదు. 2019లో వెలువడిన పార్ట్‌నర్ 2 అధ్యయనంలో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 782 గే జంటలను పరిశీలించారు. కండోమ్ లేకుండా సుమారు 76,000 సార్లు కలయిక జరిగినా, మందులు వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. ఈ సంఖ్యను నేను పాజిటివ్ అని తేలినవారికి కాగితం మీద రాసిస్తాను. మాటతో చెప్పింది ఆ రోజు చెవికెక్కదు. కాగితం జేబులో ఉంటే రాత్రి మళ్లీ తీసి చదువుకోవచ్చు.

నా సంబంధాలన్నీ మహిళలతోనే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష నాకూ అవసరమా?

అవసరమే. హెచ్‌పీవీ చర్మం చర్మానికి తగలడం వల్ల పాకుతుంది, దానికి పురుషుడే ఉండనక్కర్లేదు. మీకు అక్కర్లేదని చెప్పి పంపేసిన వైద్యసిబ్బంది కథలు లెస్బియన్, బైసెక్సువల్ మహిళల నోట తరచుగా విన్నాను. ఆ మాట నమ్మకండి. గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషులకు కూడా ఈ పరీక్ష కావాలి. వాళ్లు వాడే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను వల్ల ఆ భాగం పొడిబారి పరీక్ష బాధగా ఉండవచ్చు కాబట్టి, నమూనా మీరే తీసి ఇచ్చే హెచ్‌పీవీ పరీక్ష ఉందా అని అడగండి.

హార్మోన్లు మొదలుపెట్టాలనుకుంటున్నాను. స్నేహితులు మందుల షాపులో కొని వాడుతున్నారు, నేనూ అలాగే చేయవచ్చా?

అలా ఎందుకు చేస్తున్నారో నాకు తెలుసు. వైద్యులు చీదరించుకుంటే షాపే దిక్కవుతుంది. అయినా వద్దనే చెబుతాను. షాపులో సులభంగా దొరికేవి గర్భనిరోధక మాత్రలు. వాటిలోని ఇథినైల్ ఈస్ట్రాడియాల్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది, పొగతాగేవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. త్వరగా ఆడతనం కనబడాలని రోజుకు నాలుగైదు మాత్రలు మింగినవారిని చూశాను. మోతాదు పెరిగినంత మాత్రాన మార్పు త్వరగా రాదు, గడ్డకట్టే ప్రమాదమే పెరుగుతుంది. వైద్యులు ఇచ్చేది ఈస్ట్రాడియాల్ అనే ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోను), అది వేరు. దానితో పాటు పురుష హార్మోనును అణిచే స్పైరోనోలాక్టోన్ ఇస్తే పొటాషియం చూస్తారు. టెస్టోస్టిరాన్ వాడేవారికి రక్తం చిక్కబడకుండా చూస్తారు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆపై ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తపరీక్ష ఉంటుంది.

ఏ మార్పు వెనక్కి పోతుందో, ఏది పోదో ముందే తెలుసుకోండి. టెస్టోస్టిరాన్‌తో బొంగురుపోయిన గొంతు మందు ఆపినా సన్నబడదు. ఈస్ట్రోజన్‌తో పెరిగిన రొమ్ములు మందు ఆపినా పోవు, మగగొంతు ఈస్ట్రోజన్‌తో మారదు. పిల్లలు కావాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే, వీర్యం గానీ అండాలు గానీ భద్రపరచుకోవడం గురించి మొదలుపెట్టకముందే మాట్లాడాలి. టెస్టోస్టిరాన్ వాడుతూ నెలసరి ఆగిపోయినా గర్భం రావచ్చు, అది గర్భనిరోధకం కాదు.

ల్యాబు రిపోర్టు విషయంలో ఒక హెచ్చరిక. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ లాంటి వాటికి స్త్రీ పురుషులకు వేర్వేరు సాధారణ పరిమితులుంటాయి. టెస్టోస్టిరాన్ మీద ఉన్న ట్రాన్స్ పురుషుడి ఫారంలో స్త్రీ అని ఉంటే, మామూలుగా ఉన్న హిమోగ్లోబిన్ పక్కన కూడా ఎక్కువ అన్న గుర్తు పడుతుంది. గుర్తు చూసి కంగారుపడకుండా, మీ మందుల సంగతి తెలిసిన వైద్యులతో చదివించుకోండి.

నన్ను మార్చే వైద్యం ఉందని మా పెద్దవాళ్లు ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామంటున్నారు. నిజంగా ఉందా?

లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు. స్వలింగ ఆకర్షణను అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న రోగాల జాబితా నుంచి తీసివేశాయి. 2019లో ఆమోదం పొందిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రోగాల వర్గీకరణలో ట్రాన్స్ గుర్తింపుకు సంబంధించిన అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించి లైంగిక ఆరోగ్యం అధ్యాయంలో చేర్చారు.

పెద్దవాళ్లకు నేను రాబర్ట్ స్పిట్జర్ సంగతి చెబుతాను. 1973 నాటి నిర్ణయంలో కీలకపాత్ర వహించిన మానసిక వైద్యుడు ఆయన. అదే మనిషి 2003లో, 200 మందితో ఫోనులో మాట్లాడి, కొందరు మారగలరని ఒక వ్యాసం ప్రచురించారు. మార్పిడి చికిత్సలు చేసేవారు దాన్ని ఏళ్ల తరబడి ఆధారంగా చూపించారు. 2012లో, వృద్ధాప్యంలో, ఆ అధ్యయనం తన వాదాన్ని నిలబెట్టలేదని ఒప్పుకుని గే సముదాయానికి ఆయన క్షమాపణ చెప్పారు. అంతటి నిపుణుడే వెనక్కి తీసుకున్న మాటను పట్టుకుని కన్నబిడ్డకు కరెంటు షాకులు, వాంతి మందులు ఇప్పించవద్దని నేను చేతులు జోడించి అడుగుతాను. మాల్టా 2016లో, జర్మనీ 2020లో, కెనడా 2021లో, ఫ్రాన్స్ 2022లో ఈ పద్ధతులపై చట్టాలు తెచ్చాయి.

దిగులు, నిద్రలేమి, చనిపోవాలన్న ఆలోచన ఉంటే వాటికి వైద్యం ఉంది, అది తప్పకుండా తీసుకోవాలి. ఎగతాళినీ భయాన్నీ రోజూ మోయడం వల్ల వచ్చే భారం అది. ఆ భారం దించుకోవడానికి కౌన్సెలింగ్, మందులు, తోటివారి సహవాసం మూడూ పనిచేస్తాయి.

మా పసిబిడ్డ ఇంటర్‌సెక్స్ అని, వెంటనే ఆపరేషన్ చేయాలని అంటున్నారు. ఏం చేయాలి?

ఇంటర్‌సెక్స్ అంటే పుట్టుకతో శరీర లక్షణాలు ఆడ, మగ అని స్పష్టంగా విడదీయలేనట్టు ఉండడం. ఒక్క ప్రశ్న అడగండి: ఇది ప్రాణం కాపాడడానికా, చూడడానికి ఒకలా కనబడడానికా? మూత్రం పోకపోవడం, ఉప్పు తగ్గిపోయే హార్మోను లోపం లాంటివి వెంటనే చికిత్స చేయాల్సినవి. రూపానికి సంబంధించినవైతే బిడ్డ పెరిగి తానే నిర్ణయించుకునేదాకా ఆగవచ్చు. మాల్టా 2015లోనే ఇలాంటి అనవసర ఆపరేషన్లను చట్టంతో ఆపింది.

వైద్యం చేసే క్లినిక్‌కు హక్కుల ఉద్యమంతో పనేమిటి?

మందు కనిపెట్టడం ఒక పని, అది మనిషికి అందడం మరో పని. ఎయిడ్స్ మందుల కోసం పోరాడడానికి 1987లో న్యూయార్క్‌లో పుట్టిన యాక్ట్ అప్ సంస్థ సభ్యులు మందుల పరిశోధన పద్ధతులను స్వయంగా చదువుకుని, అధికారులను నిలదీసి, ప్రయోగ దశలోని మందులు రోగులకు త్వరగా అందేలా చేశారు. దక్షిణాఫ్రికాలో 1998లో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ మొదలుపెట్టిన వారిలో ఒకరైన జాకీ అక్‌మత్, తాను గే అని, తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పినవారు. పేదలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరకని మందును డబ్బుతో కొనుక్కుని వేసుకోనని 2003 దాకా పట్టుబట్టారు. అర్జెంటీనాలో 2012 నాటి చట్టం, న్యాయమూర్తి గానీ వైద్యుడు గానీ అనుమతించనక్కర్లేకుండా పత్రాల్లో జెండర్ మార్చుకునే వీలు కల్పించడంతో పాటు, హార్మోన్లనూ శస్త్రచికిత్సలనూ ఆరోగ్య సేవల్లో చేర్చింది.

మా రోజువారీ పని ఇంత పెద్దది కాదు. ఫారంలో ఒక గడి చేర్పించడం, ఆసుపత్రిలో ట్రాన్స్ రోగికి ఏ వార్డు ఇవ్వాలో రాతపూర్వకంగా తేల్పించడం, నర్సింగ్ విద్యార్థులకు ఒక పూట తరగతి చెప్పడం, బడ్జెట్ సమావేశంలో మందుల కొరత గురించి లేచి మాట్లాడడం.

నా భాగస్వామి ఆసుపత్రిలో పడితే నన్ను లోపలికి రానిస్తారా?

చట్టం మిమ్మల్ని కుటుంబంగా గుర్తించని చోట రానివ్వకపోవచ్చు, అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే కాగితాలు రాయించుకోవాలి. అమెరికాలోని మిన్నెసోటాలో 1983లో కారు ప్రమాదంలో షారన్ కోవాల్‌స్కీ మెదడుకు తీవ్రగాయమైంది. సంరక్షకుడైన తండ్రి, ఆమెతో కలిసి బతికిన కారెన్ థాంప్సన్‌ను ఏళ్ల తరబడి చూడనివ్వలేదు. 1991లో అప్పీలు కోర్టు కారెన్‌ను సంరక్షకురాలిగా నియమించేదాకా ఎనిమిదేళ్లు గడిచాయి. మీరు స్పృహలో లేనప్పుడు వైద్య నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో తెలిపే అధికార పత్రం, ఎవరిని చూడనివ్వాలో తెలిపే పత్రం, రెండింటినీ మీ ప్రాంతపు చట్టం ప్రకారం న్యాయవాదితో రాయించి, ఒక ప్రతిని మీ వైద్య రికార్డులో, మరో ప్రతిని భాగస్వామి ఫోనులో ఉంచండి.

వైద్యసిబ్బంది నన్ను అవమానించారు. ఫిర్యాదు చేస్తే ఫలితముంటుందా?

రాతలో ఉంటే ఉంటుంది. ఆ రోజే తేదీ, వేళ, గది, అక్కడున్నవారు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోండి. మీ బాధను వివరించడం కంటే వాళ్ల మాటలను యథాతథంగా రాయడమే బలం. ముందు ఆసుపత్రి ఫిర్యాదుల విభాగానికి, జవాబు రాకపోతే వైద్యుల నమోదు మండలికి, హక్కుల సంఘానికి పంపండి. అంతకంటే ముందు, ఆగిపోయిన చికిత్సను మరోచోట కొనసాగించండి. ఫిర్యాదు నెలలు పట్టవచ్చు, జ్వరం అంతకాలం ఆగదు.

నేను వైద్యుణ్ని కాను. ఏ విధంగా సాయపడగలను?

తోడు వెళ్లండి. మొదటిసారి పరీక్షకు వెళ్లే మనిషి పక్క కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చోవడానికి, హార్మోన్ల వైద్యుడి దగ్గర మర్చిపోయిన ప్రశ్నను గుర్తుచేయడానికి, ఫారం చదవలేనివారికి చదివి పెట్టడానికి ఏ పట్టా అక్కర్లేదు. మా దగ్గర తోడు వెళ్లే వాలంటీర్లకు రెండు పూటల శిక్షణ ఇస్తాము, అందులో సగం సేపు గోప్యత గురించే ఉంటుంది. క్లినిక్ లోపల చూసిన మనిషి బజారులో ఎదురైతే, వాళ్లు ముందుగా పలకరిస్తే తప్ప మీరు గుర్తుపట్టినట్టు కనబడకూడదు.